రోగిచెంత భోజననిషేధము

రోగి పరుండియున్న గదిలో పరిచారకులు భోజనము చేయరాదు, నీరైనను త్రాగరాదు అను నియమము నేటి ఆసుపత్రులలో సర్వసాధారణమైనది. శస్త్రచికిత్సాగృహము, అంటురోగుల వార్డు, మూత్రపిండములు చెడినవారికి రక్తశుద్ధి చేయు డయాలిసిస్ గది, రక్తమును కఫమును పరీక్షించు ప్రయోగశాల, ఇట్టి పరిమితప్రవేశము గల తావులలో వైద్యుడు గాని, నర్సు గాని, గది తుడుచు ఆయా గాని టీచుక్కనైనను నోట వేసికొనగూడదు. ఈ నియమమును మనవారు వినినతోడనే తలయూచి యంగీకరింతురు. అమెరికాలో దీనిని అమలుపరచుటకు 1991వ సంవత్సరమున కార్మికశాఖ యొక శాసనమే చేయవలసివచ్చెను. మనకు మాత్రమిది పుట్టుకతో వచ్చిన మాటవలె తోచును. అట్లు తోచుటయే విచారింపదగిన విషయము.

ఏలయన, ఒకరి సన్నిధిని మరియొకరు తినరాదను నియమములు మనయిండ్లలో తరతరములుగా నున్నవి. ఎంగిలి, మైల, మడి, అంటు అను నాలుగు మాటలు తెలియని తెలుగుబిడ్డ లేడు. అంటురోగము అనునప్పుడును, అంటరానివాడు అనునప్పుడును మనము వాడునది ఒక్క ధాతువే. మొదటిమాటలో సూక్ష్మజీవి యున్నది. రెండవదానిలో మనిషిని మనిషి అవమానించుట తప్ప వేరేమియు లేదు. ఒకే పేరుతో పిలుచుటచేత ఈ రెండును ఒకే వంశమువని జనులు తలంచుచున్నారు. ఆసుపత్రిలోని నిషేధము యొక్క చరిత్రను కొంచెము తరచి చూచినచో, ఈ రెండు వంశములును ఎక్కడ కలిసినవో, ఎక్కడ విడిపోయినవో తెలియగలదు.

మన ప్రాచీనులు సాంక్రామికత నెరుగరని కొందరందురు. అది సత్యము కాదు. సుశ్రుతసంహిత నిదానస్థానమున కుష్ఠప్రకరణము చివర, ఒకరినుండి యొకరికి రోగములు సంక్రమించు దారులు వరుసగా చెప్పబడియున్నవి. దేహస్పర్శ, నిశ్వాసము, కలిసి భుజించుట, ఒకే శయ్యపై పరుండుట, ఒకే ఆసనముపై కూర్చుండుట, ఒకరి వస్త్రమాల్యానులేపనములను మరియొకరు ధరించుట అనునవి యా దారులు. ఆ దారులవెంట నడచు రోగములుగా కుష్ఠము, జ్వరము, శోషము, నేత్రాభిష్యందము పేర్కొనబడినవి. సూక్ష్మదర్శినిలేని కాలమున చేసిన యీ పట్టిక మిక్కిలి మెచ్చదగినది. అయితే ఇందొక లోపము కలదు. దారులన్నియు ఒక గంపలోను, రోగములన్నియు వేరొక గంపలోను వేయబడినవి. ఏ రోగమున కే దారియో విడదీయబడలేదు. కండ్లకలక చేతిగుడ్డతో వచ్చును. క్షయ శ్వాసముతో వచ్చును. ఇక సహభోజనముతో వచ్చున దేది? ఈ ప్రశ్నకు సమాధానము వచ్చుటకు రమారమి రెండువేల యేండ్లు పట్టినది. ఈలోపల సహభోజనమను నొక్కదారినే మనసంఘము గట్టిగా పట్టుకొని, దానిని రోగమునుండి పెరికి కులమునకు కట్టిపెట్టినది.

అట్లని అన్నమును, వైద్యమును కలిపి యోచించినవారు మనలో లేకపోలేదు. కాకతి రుద్రమదేవినాటి మల్కాపురశాసనము శా. శ. 1183, అనగా 1261వ సంవత్సరమునాటిది. గోళకీమఠాధిపతియైన విశ్వేశ్వరశంభువునకు కృష్ణాతీరమున దానమిచ్చిన గ్రామముల యాదాయములో నొకభాగము ప్రసూతిశాలకును, ఆరోగ్యశాలకును, సత్రమునకును వినియోగపడవలెనని యందు గలదు. ఆ గ్రామములలో నొకటి వెలగపూడి. నేడు ఆంధ్రప్రదేశపు సచివాలయమున్న యూరది. పురుడు పోయు ఇల్లు, మందిచ్చు ఇల్లు, అన్నము పెట్టు ఇల్లు ఒకే ధర్మమునందు మూడు వేరువేరు ఇండ్లుగా నుండుట గమనింపదగినది.

ఆంగ్లేయులు తెచ్చిన ఆసుపత్రి యీ దేశమునకు వచ్చినప్పుడు దానికి మొట్టమొదట ఎదురైన చిక్కు రోగము కాదు, పంక్తి. ఎవరు వండినది ఎవరు తినవలెను? ఎవరి మంచముప్రక్క ఎవరి మంచము వేయవలెను? 1885వ సంవత్సరమున మేరీ షార్లీబ్ అను వైద్యురాలి ప్రయత్నమున చెన్నపట్టణములో వెలసిన స్త్రీల ఆసుపత్రి పేరులోనే, అది కులస్త్రీలకును ఘోషాస్త్రీలకును ఉద్దేశింపబడినదని యుండెను. పురుషవైద్యుని చూడనొల్లక ప్రసవవేదనతో మరణించు స్త్రీలను రక్షించుటకు ఆమె చేసిన సేవ గొప్పది. కాని కులమును పేరులో పెట్టుకొననిదే ఆసుపత్రిలోనికి స్త్రీలు రారను కాలమది. అంతకు నాలుగేండ్లకు ముందు, 1881 డిసెంబరు 11వ తేదీన, రాజమహేంద్రవరమున వీరేశలింగముగారు మొదటి వితంతువివాహమును జరిపించినప్పుడు ఛాందసులు తీసిన ఆయుధమేది? వెలి. వెలి యనగా కలిసి తినకపోవుట. తినుటను దండనగా మార్చిన సంఘములోనికి, తినరాదను ఆరోగ్యసూత్రము ప్రవేశించినప్పుడు అదియు దండనవలెనే వినబడుటలో ఆశ్చర్యమేమి?

రోగిచెంత పరిచారకులు తినుటనుగూర్చి నే నెరిగినంతలో స్పష్టముగా వ్రాసినవారిలో ముందు చెప్పదగినది ఫ్లారెన్సు నైటింగేలు. క్రిమియాయుద్ధమున సైనికుల ఆసుపత్రులను చక్కబెట్టివచ్చిన పిమ్మట, 1859లో ఆమె రోగిపరిచర్యపై చిన్నపుస్తకము నొకటి ప్రకటించెను. అందు ఆహారమునుగూర్చి వ్రాయుచు, రోగి యితరుల భోజనమును చూడగూడదనియు, వాసన పీల్చగూడదనియు, దానినిగూర్చిన మాటయైనను వినగూడదనియు చెప్పినది. అంతటితో ఊరకొనక ఇంకొక సత్యము నొప్పుకొన్నది. రోగిని క్షణమైనను విడువక కనిపెట్టుకొనియుండవలసినచోట, పరిచారికను విడిపించుట కింకొకరు లేక, ఆమె యా గదిలోనే తినవలసివచ్చుట కద్దనియు, అయినను అది రోగి తినగల శక్తిని తగ్గించునేగాని మానదనియు ఆమె మతము. స్మృతి లేదనుకొన్న రోగి యొకడు, నోట మాట రాగానే మొదట చెప్పుకొన్న ఫిర్యాదు ఇదియేనని ఆమె జ్ఞాపకము చేసికొన్నది.

చదువరు లిచ్చట నొకవిషయము గుర్తింపవలెను. ఆమె వాదములో సూక్ష్మజీవి లేదు. కాఖు క్షయక్రిమిని ప్రకటించుట 1882లో; కలరాక్రిమిని చూపుట 1884 ప్రాంతమున. నైటింగేలు చెప్పినది కేవలము దయ. పత్తెముమీద నున్నవాని యెదుట పప్పన్నము కలుపుకొనుట తప్పని మన ముసలమ్మలకును తెలియును. శస్త్రచికిత్సకై రాత్రినుండి పస్తున్నవాని ముక్కునకు ఇడ్లీల వాసన తగులనిచ్చుటకంటె క్రూరమైనపని వార్డులో నింకొకటి లేదు. ఈ కారణము, క్రిములన్నియు నశించిననాడుకూడ నిలిచియుండును. నా యభిప్రాయమున ఇది నిషేధమునకు పెద్దకొడుకు, క్రిమిశాస్త్రము రెండవకొడుకు. మనదేశమున చిన్నవానినే చూపి పెద్దవానిని దాచితిమి.

క్రిమిశాస్త్రము వచ్చి చేసిన మేలు, సుశ్రుతుని రెండు గంపలను విప్పి, రోగమునకు దారిని జతపరచుట. కలరా, సన్నిపాతజ్వరము నోటిదారిని పోవును. రోగి మలము తగిలిన పరిచారిక చేయి ఆమె అన్నపుముద్దను తాకినచో చాలును. ఇచ్చట వార్డులో తినరాదనుట ప్రాణరక్షణమంత్రము. ఇదే దారి వెనుకకును నడచును. న్యూయార్కులో మేరీ మాలన్ అను వంటమనిషి, తనకు రోగలక్షణములు లేకయే సన్నిపాతజ్వరపుక్రిమిని మోయుచుండెను. 1907లో ఆమెను పట్టి ఏకాంతమున నుంచిరి; 1910లో, ఇక వంటచేయనని మాటయిచ్చినందున విడిచిరి. బ్రతుకుదెరువు వేరులేక పేరు మార్చుకొని ఆమె మరల గరిటె పట్టెను. 1915లో ఒక ప్రసూత్యాసుపత్రిలో ఆమె వంట తిన్న 25 మందికి జ్వరము వచ్చెను, ఇద్దరు మరణించిరి. ఆపదకు గురియైనవారిలో వైద్యులు, నర్సులు, ఆసుపత్రి పనివారే హెచ్చు. 1938లో మరణించువరకు ఆమెకు మరల స్వేచ్ఛ లేదు. ఆమెను దూషించినవారు వేలమంది. ఆమెకు వంటగాక వేరొక జీవనము చూపవలెనని తలపోసినవారు మిక్కిలి తక్కువ.

అదే 1915లో హైదరాబాదున అంటురోగులకై ఎర్రన్నగుట్టమీద ఒక ఆసుపత్రి ఏర్పడినది. తరువాత అది నల్లకుంటకు మారినది. జనులు దానిని కోరంటి దవాఖానా యనిరి. నలుబదియను నర్థముగల ఇటలీదేశపు మాట, ఓడలను నలుబదిదినములు రేవున నిలిపియుంచు వెనీసువారి యాచారమునుండి ఇంగ్లీషులోనికి వచ్చి, మన నాలుకపై కోరంటి యైనది. నేడు దానిని సర్ రోనాల్డ్ రాసు పేర పిలుచుచున్నారు. 1897 ఆగస్టు 20న సికిందరాబాదులో దోమకడుపున మలేరియాబీజమును చూచిన వైద్యుడాయన. కోరంటియను మాట మా ప్రాంతమునకు దూరమైనది కాదు. మా దామరచర్లకు దిగువను వాడపల్లికడ మూసి కృష్ణలో కలియును. ఒకప్పుడు ఈవలిగట్టు నిజామురాజ్యము, ఆవలిగట్టు చెన్నరాజధాని. 2014 తరువాత రెండుగట్లును రెండు రాష్ట్రములు. 2020 మార్చినెలలో కరోనాభయమున ఆ వంతెనకడ ప్రయాణికులు నిలిచిపోయినప్పుడు, వెనీసు ఓడరేవు మాయూరికి వచ్చినట్లు తోచెను.

కలరావిషయమున సరియైన నిషేధమును, కుష్ఠువిషయమున గ్రుడ్డిగా వాడినప్పుడు ఎంత యన్యాయము జరిగినదో చూడుడు. నార్వేదేశపు హాన్సెను కుష్ఠుక్రిమిని 1873లోనే కనుగొన్నాడు. 1898లో హిందూదేశప్రభుత్వము కుష్ఠురోగుల చట్టము నొకటి చేసినది. వ్యాధిగ్రస్తులు అన్నపానములను అమ్మరాదు, బహిరంగపు బావులలోను చెరువులలోను నీరు తీసికొనరాదు, బాడుగబండ్లలో నెక్కరాదు, ఇట్టి నిషేధములను విధించుటకు అది ప్రభుత్వముల కధికార మిచ్చినది. ఈ పట్టికనుండి రోగము పేరు తుడిచివేసి చదివినచో, మాలపల్లెకు మన యూళ్లు విధించిన కట్టుబాట్లే కనబడును. శాస్త్రము పేర చేసిన చట్టములో స్మృతులవాసన యెట్లు చొచ్చినదో నేను చెప్పనక్కరలేదు. ఆ చట్టము 2016వరకు పుస్తకములలో బ్రతికియేయుండెను.

అట్టి కాలమున నిజామాబాదుచెంత డిచ్‌పల్లిలో, ఇసబెల్ కెర్ అను స్కాట్లండుదేశపు వైద్యురాలు భర్తతోగూడి 1915లో కుష్ఠురోగుల ఆసుపత్రిని తెరచెను. రాజా నర్సాగౌడుగారి విరాళము దానికి మూలబలము. నాటి మందు చాల్‌ముగ్రా తైలము. సూదిద్వారా ఇచ్చుట, నెలలతరబడి ఓర్చుకొనుట. 1932లో మరణించువరకు ఆమె యక్కడనే పనిచేసినది. ఇంటిలో వేరుగిన్నెలో దూరమునుండి అన్నము వేయించుకొన్నవారు, చెంతకువచ్చి పుండు కడుగు చేతిని చూచుటయే అప్పటి కొక చికిత్స యని నేను తలంతును. ఆ వ్యాధి చిరకాలసాన్నిహిత్యమున, చికిత్స పొందని రోగి ముక్కునుండియు నోటినుండియు వెడలు తుంపరలచేత వచ్చుననియు, కలిసి భుజించుటచేతను, ప్రక్కన కూర్చుండుటచేతను రాదనియు ప్రపంచ ఆరోగ్యసంస్థ నేడు స్పష్టముగా చెప్పుచున్నది. నూటికి తొంబదియైదుగురి దేహములు దానిని సహజముగనే త్రిప్పికొట్టును. 1981లో బహుఔషధచికిత్స నిర్ణయింపబడినపిమ్మట, మందు పుచ్చుకొన్న కొలదికాలమునకే రోగి ఇతరులకు అపాయకరుడు కాడు. అయినను, కుష్ఠు విడాకులకు హేతువను నిబంధనను మన పెండ్లిచట్టములనుండి తీసివేయుటకు 2019 రావలసివచ్చినది. సుశ్రుతుడు కుష్ఠమన్నది నేటి యీ యొక్క వ్యాధిని మాత్రమే కాదని, అనేక చర్మరోగములని పండితులెరుగుదురు. అది తెలియక ఆయన మాటను అడ్డుపెట్టుకొని పంక్తిబాహ్యులను చేసినవారు ఎందరో!

క్షయ కథ వేరు. తెలుగిండ్లలో క్షయరోగికి కంచము వేరు, గ్లాసు వేరు. మదనపల్లెచెంత 1915లో ఆరోగ్యవరమను క్షయవైద్యశాల వెలసినది. ఫ్రిమోట్ మోలరు అను డెన్మార్కు వైద్యుడు దాని పెద్ద. మంచిగాలి, విశ్రాంతి, పుష్టికరమైన యాహారము, ఇవియే నాటి మందులు. కాని రోగము కంచమునుండి వచ్చునా, గాలినుండి వచ్చునా యను సందేహము తీరలేదు. అది తీర్చినది అమెరికాలోని బాల్టిమోరున, 1950లకు చివర, రిచర్డు రైలీ యను వైద్యుని ప్రయోగము. క్షయరోగుల వార్డులోని గాలిని గొట్టములద్వారా మీదిగదిలోని గినీపందులకు పీల్పించిరి. అవి రోగుల కంచములు ముట్టలేదు, వారి చేతులు ముట్టలేదు. ఊరక గాలి పీల్చినవి. వానికి క్షయ వచ్చినది. ఆ దినములలోనే చెన్నపట్టణమున జరిగి 1959లో ప్రకటితమైన పరిశోధన ఇంకొక సంగతిని తేల్చినది. బీదయింట నుండి మందు తిన్న రోగులు, వైద్యశాలలో నుండి మందు తిన్నవారితో ఇంచుమించు సమానముగనే నయమైరి; ఇంటివారికిని దానివలన హెచ్చు అపాయము కలుగలేదు. ఇంతకును వేరుకంచము వలన రోగి మనసు విరుగుటయే గాని, ఇంటివారికి కలిగిన రక్ష లేదు. కిటికీ తెరచియుంచిన మేలయ్యెడిది.

ఇక నేటి కాలమున ఈ నిషేధమును మిక్కిలి కట్టుదిట్టముగా పాటింపవలసిన తావు డయాలిసిస్ గది. మూత్రపిండములు పనిచేయనివాని రక్తమును సూదులద్వారా వెలికితీసి, యంత్రముననున్న జల్లెడగుండ నడిపి, మరల దేహములోనికి పంపుట ఈ చికిత్స. ఒక్కొక్కసారి నాలుగుగంటలు, వారమునకు మూడుసారులు, సాధారణముగా బ్రతికినంతకాలము. 1943లో హాలండుదేశమున కోల్ఫు అను వైద్యుడు దీనిని ప్రారంభించెను. శ్రీకాకుళముజిల్లా ఉద్దానమున మూత్రపిండవ్యాధి వందలాది కుటుంబముల నెట్లు పీడించుచున్నదో పత్రికలు చదువువారికి తెలియును. ఆ గదిలో పది పదునైదుగురి రక్తము ఒకేమారు దేహములవెలుపల తిరుగుచుండును. ఒకబొట్టు చిందుట వింత కాదు. హెపటైటిస్ బి అను కామెర్లరోగపు క్రిమి, ఎండిన రక్తపుమరకలో ఏడుదినములైనను బ్రతికియుండగలదు; మరక కంటికి కానరానంత చిన్నదియు కావచ్చును. 1969–70లో ఎడింబరో నగరపు డయాలిసిస్ విభాగమున ఆ రోగము చెలరేగి రోగులను మాత్రమే గాక ఆసుపత్రి పనివారినికూడ బలిగొన్నది. 1972లో రోజెన్‌హీము అధ్యక్షతన ఏర్పడిన సంఘము బ్రిటనులోని అట్టి విభాగములకు కట్టుబాట్లను సూచించెను. టీకా వచ్చుటకు మరి పదియేండ్లు పట్టినది. అది సామాన్యునికి అందు వెలకు మనదేశముననే తయారగుట 1997లో, వరప్రసాదరెడ్డిగారు హైదరాబాదున స్థాపించిన శాంతా బయోటెక్నిక్సు వలన.

అమెరికా వ్యాధినియంత్రణకేంద్రము 2001లో డయాలిసిస్ గదులకై ప్రకటించిన నియమములలో ఈ విషయము చక్కగా విడదీయబడినది. నర్సులును, ఇతర సిబ్బందియు చికిత్సాస్థలమున తినరాదు, త్రాగరాదు. రోగి మాత్రము తన కుర్చీలో కూర్చుండి, వడ్డించినదిగాని ఇంటినుండి తెచ్చికొన్నదిగాని తినవచ్చును. అతడు తిన్న పళ్లెమును, గ్లాసును మామూలుగా కడిగిన చాలును. ప్రత్యేకజాగ్రత్త యేదియు నక్కరలేదు.

ఈ మూడుమాటలను మన మడియాచారముప్రక్కన పెట్టి చూడుడు. మడిలో కంచము దోషము గలది, రోగి యెంగిలి దోషము గలది, వడ్డించువాడు శుద్ధుడు. ఇచ్చట కంచమునకు దోషము లేదు, ఎంగిలికి దోషము లేదు. పదిమంది యంత్రములను, పదిమంది సూదులను ముట్టుచు తిరుగు నర్సు చేతికే భయము. ఆ చేయి ఆమె నోటికి పోకుండుటకే నియమము. నిషేధము రోగిని వెలివేయుట లేదు, నర్సును కాపాడుచున్నది. ఇంతకంటె స్పష్టముగా రెండువంశములు విడిపోయిన తావు నాకు కనబడలేదు.

ఇది చెప్పనందున కలుగు హాని యెట్టిదో నే నెరిగిన యొక నిదర్శనము చెప్పెదను. మాయూరినుండి వారమునకు మూడుసారులు డయాలిసిస్‌కై పట్టణమునకు పోవు పెద్దమనిషి యొకడు కలడు. డెబ్బదియేండ్లు దాటినవాడు, దళితుడు. చిన్ననాట హోటలులో తనవారి గ్లాసు చూరులో చెక్కియుండెడిది. తానే తీసికొని, టీ పైనుండి పోయించుకొని, త్రాగి, కడిగి, మరల చూరులో పెట్టవలసియుండెడిది. ఒకదినమున కూతురు ఫ్లాస్కులో టీ తెచ్చినది. వైద్యుని యాజ్ఞచేత ఆయన దినమునకు లీటరునకు మించి ఏ ద్రవమును పుచ్చుకొనరాదు. దాహమన నేమో ఆయనకు తెలిసినట్లు మనకు తెలియదు. ఆ టీని ఆయన తనకు సూదిపెట్టిన నర్సునకు పోయుమనెను. ఆమె "వద్దు తాతా, ఇక్కడ తాగొద్దు" అని చేయి అడ్డము పెట్టి, ప్రక్కమంచమువద్దకు పోయినది.

ఆయన రెండుదినములు ఎవరితోను మాటాడలేదట. పిమ్మట నాతో "సారూ, మా చిన్నప్పుడు హోటల్ల మా గ్లాసు బయట ఉండె. గా రోజులు పోయినయనుకున్న. పోలే" అనెను. ఆ నర్సు తన యింటినుండి తెచ్చుకొన్న నీళ్లయినను అక్కడ త్రాగదనియు, అది ఆమె ప్రాణముకొరకే గాని నీ కులముకొరకు కాదనియు నేను చెప్పితిని. ఆయన కొంతసేపు ఊరకుండి, "గా ముక్క ఆమెనే చెప్తే అయిపోవుగద సారూ" అనెను. ఆ ప్రశ్నకు నాకడ ప్రత్యుత్తరము లేదు. పదునైదుగురు రోగులకు ముగ్గురు నర్సులున్నచోట ఆ ముక్క చెప్పుటకు తీరికయెక్కడిది? కాని చెప్పినంతమాత్రముననే తీరు బాధ యది. చెప్పనందున డెబ్బదియేండ్ల బాధ తిరిగి లేచినది.

నిషేధమునకు రెండవప్రక్క పరిచారకుని ఆకలి. తినరాదనుట సులభము, ఎక్కడ తినవలెనో చెప్పుట వ్రాతగాండ్రకు తోచదు. తెలంగాణమున మొదటి కరోనారోగి 2020 మార్చి 2న బయలుపడినపిమ్మట సికిందరాబాదులోని గాంధీ ఆసుపత్రి ఆ రోగులకు ప్రధానస్థానమైనది. లోకమంతట నట్టి వార్డులలో వైద్యులును నర్సులును తలనుండి పాదమువరకు కవచము ధరించి గంటలకొలది నిలిచిరి. నీరు త్రాగవలెనన్న కవచము విప్పవలెను. విప్పినది మరల తొడుగరాదు. క్రొత్తది తొడుగుటకు కరవు. కావున పనిలోనికి పోవుటకు ముందే నీరు మానిరి. మే నెల యెండలలో, చల్లనిగాలి యంత్రములు కట్టివేసిన గదులలో, ఆ దాహమును చదువరులు ఊహించుకొనవలసినదే. ఇంకొక వింత యేమనగా, వార్డులో కాపాడబడినవారు భోజనపుగదిలో చిక్కిరి. ముసుగులు తీసి, ఇరుకుగదిలో మోకాలికి మోకాలు తగులునట్లు కూర్చుండి తినునప్పుడు, సిబ్బందిలో ఒకరినుండి యొకరికి రోగము పాకెను. కంచము నిరపరాధి, ఇచ్చటను గాలియే దోషి. తినుటకు తగినంత చోటు, తెరచిన కిటికీ లేకపోవుటయే అసలు లోపమని ఆ యేడు ఆరోగ్యశాఖలన్నియు గుర్తింపవలసివచ్చినది.

చరకసంహిత సూత్రస్థానమున, ఉపకల్పనీయమను నధ్యాయములో, చికిత్స మొదలిడుటకు ముందు సమకూర్చుకొనవలసినవాని పట్టిక యొకటి గలదు. వాస్తువిద్య నెరిగినవాడు మొదట గట్టియిల్లు కట్టవలెను. అందు పొగ, యెండ, దుమ్ము చొరరాదు. నీళ్లతావు, స్నానపుతావు, మరుగుదొడ్డి, వంటయిల్లు అన్నియు నుండవలెను. ఆ పిమ్మట వంటవారు, స్నానము చేయించువారు, మందు నూరువారు, పాటలు పాడి కథలు చెప్పువారుకూడ రావలెను. ఇన్నియు సిద్ధమైన తరువాతనే రోగి లోపలికి వచ్చును. పరిచారకునకు ఆయన చెప్పిన నాలుగుగుణములలో శౌచ మొకటి. రోగియెడ అనురాగ మొకటి.

మా ప్రాంతమున క్రొత్త వైద్యశాలల ప్రారంభోత్సవములకు నేను పలుమారులు పోయియుంటిని. మంచము లెన్నియో చదువుదురు, యంత్రములెన్నియో చదువుదురు, వానికైన రూపాయ లెన్నియో చదువుదురు. నర్సులు కూర్చుండి తిను గది యెక్కడనో, చేతులు కడుగుకొను కుళాయి యెక్కడనో, వారు తిను ఆ అరగంటలో రోగిచెంత నెవరు నిలుతురో చదువగా నేనింతవరకు వినలేదు.